తెలీదట, వదినా

మా మనవడికి సెలవొస్తే చాలు, నా మంచం పట్టె మీద కూర్చుని ఫోనులో ఏదో ఒకటి తవ్వుతూ ఉంటాడు. మొన్న ఉన్నట్టుండి, "అమ్మమ్మా, మీ అన్నయ్య దొరికాడు!" అని కేకేశాడు. నా గుండె ఆగినంత పనయింది. ఎనభై దాటినదాని దగ్గర అనాల్సిన మాటేనా అది? కళ్ళజోడు వెతుక్కుని, కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని చూద్దును గదా, రెండంటే రెండే పంక్తులు. యుద్ధకాలంలో కూలిపోయిన విమానాల జాబితా అట. విమానం ఏ రకమో, శిక్షణలో ఉండగా కూలిందని, అందులో ఉన్న ఇద్దరూ పోయారని, పక్కన అన్నయ్య పేరు. అంతే. వాడు ఇదంతా కాఫీ చల్లారేలోపు పట్టేశాడు. మా నాన్న ఈపాటి సంగతి కోసం నాలుగేళ్ళు తిరిగాడు. "నీకు ఇంతకంటే ఏమన్నా తెలుసా అమ్మమ్మా?" అని అడిగాడు వెధవ. తెలీదురా అన్నా. ఆ మాట నా నోటికి బాగా అలవాటైన మాట. వాడు లేచి టిఫినుకి పోయాక మాత్రం నాకు ముద్ద దిగలేదు.

మాది జగ్గయ్యపేట. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్నది మిరపకాయల వ్యాపారం, ఇంట్లో అందరం తుమ్ముతూనే పుట్టాం, తుమ్ముతూనే పెరిగాం. చుట్టపక్కాలు ఎవరొచ్చినా గుమ్మంలోనే రెండు తుమ్ములు తుమ్మి గానీ క్షేమసమాచారాలు అడిగేవాళ్ళు కాదు. నాన్నకి మేమిద్దరమే, అన్నయ్యా నేనూ. అన్నయ్యని బెజవాడ కాలేజీలో వేస్తే, అక్కడ చదువు సగంలో వదిలేసి విమానం నడపడం నేర్చుకుంటానని మిలటరీలో పేరు రాయించుకున్నాడు. మాకు చెప్పింది చేరాకే, అదీ కార్డు ముక్క మీద. నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆకలికి ఆగలేక రెండింతలు తిని, వాడి మీద కోపం అమ్మ చేసిన పప్పు మీద చూపించాడు. అమ్మ బాధ వేరు. అంత ఎత్తున కూర్చున్నవాడు స్నానం ఎక్కడ చేస్తాడు, సంధ్య ఎక్కడ వారుస్తాడు అని. అప్పటికే అన్నయ్యకి పెళ్ళయింది. వదినకి పద్నాలుగో ఏట చేశారు. సెలవు మీద వచ్చిన ఒక్క వేసవి, అంతే వాళ్ళ కాపరం. ఆ నెల రోజులూ అన్నయ్య పెరట్లో చేతులు రెండూ చాచి, విమానం ఎలా వంగుతుందో, ఎలా దిగుతుందో వదినకి చూపిస్తుంటే, వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. అది నా కళ్ళారా చూసా.

తర్వాత ఒక తంతి వచ్చింది. శిక్షణకి పైకెళ్ళిన విమానం తిరిగి రాలేదు, వెతుకుతున్నాం, అని. కొన్ని నెలలకి ఒక ఉత్తరం. ఇంట్లో ఇంగ్లీషు ముక్కలు వచ్చింది నాకొక్కదానికే, అదీ అన్నయ్య నేర్పిన పుణ్యాన. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చదివా. మీ అబ్బాయి చనిపోయినట్టే భావించవలసింది అని ఉంది. "భావించడమేంటే? పోయాడా, లేడా?" అని అమ్మ నన్నే నిలదీసింది, ఆ ఉత్తరం నేనే రాసినట్టు. పురోహితుడు వచ్చి శాస్త్రం చెప్పాడు. శవం దొరకనప్పుడు మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి, దానికి దహనం చేసి కర్మ జరిపించాలట. లేదంటే పన్నెండేళ్ళు ఎదురుచూసి అప్పుడు చెయ్యాలట. అమ్మ ఒప్పుకోలేదు. "అక్కడెవరో ఈసరికే వాడికి నిప్పు పెట్టి ఉంటే? మళ్ళీ ఈ ఆకులు తగలేసి నా బిడ్డని రెండోసారి కాల్చమంటారా? ముందు సంగతి కనుక్కురండి" అని భీష్మించుకు కూర్చుంది. నిప్పు పడకుండా ఏ ఎడారిలోనో కాకులకీ గద్దలకీ వదిలేశారేమోనన్న బెంగ మరోపక్క. రోజూ అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద పక్కన పెట్టి, "వాడికి నిప్పు దొరికిందో లేదో" అనేది. అనకుండా ఆవిడ ఒక్క పూటా తినడం నేను చూడలేదు.

ఇక్కడ వదిన సంగతి చెప్పాలి. కర్మ జరగనంతకాలం వదిన బొట్టూ గాజులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కర్మ జరిగితే పదో రోజు ఏం చేస్తారో ఆవిడకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనే వెనక గదిలో మా మేనత్త ఉండేది. పదకొండో ఏట మొగుడు పోతే, అప్పట్నించీ గుండు, ముతక చీర, ఒంటిపూట తిండి. శుభమా అని ఎవరన్నా బయలుదేరుతుంటే ఆ గది తలుపు తనే వేసుకునేది. ఆవిడకి రోజూ కుండలో నీళ్ళు నింపేది వదినే. అంచేత మా ఇంట్లో అమ్మకి ఎలాగైనా సంగతి తెలియాలి, వదినకి ఎప్పటికీ తెలియకూడదు. మధ్యలో నాన్నా నేనూ. అన్నయ్య సంగతి తేలకుండా ఇంట్లో బాజాలేమిటని నా పెళ్ళి కూడా ఆగింది. దానికి నేనేం విచారించలేదులెండి.

నాన్న వెతికే పద్ధతి చూస్తే నవ్వొచ్చేది, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది. యుద్ధం అయిపోయి పటాలాల వాళ్ళు ఇళ్ళకి వస్తున్న రోజులు. కొట్టు ముందు ఖాకీ చొక్కా కనపడితే చాలు, కాటా మధ్యలో వదిలేసి, "ఏ పటాలం నాయనా, ఎక్కడ పనిచేశావు, రా కూర్చో" అని అరుగు మీద కూలేసి, ఇంట్లోంచి కాఫీ తెప్పించేవాడు. మిలటరీ వాళ్ళ పాత బట్టలు సంతలో అగ్గువకి అమ్ముతున్నారని ఆయనకి తట్టలేదు. లారీ క్లీనరుకీ ఖాకీ కోటే, కల్లుదుకాణం కాపలావాడికీ ఖాకీ కోటే. కాఫీ రుచి మరిగి కొందరు వారానికోసారి వచ్చి ఏదో ఒక కథ అల్లేవాళ్ళు. ఒకడైతే అన్నయ్యని బర్మా అడవుల్లో సాధువుల మధ్య చూశానన్నాడు. నాన్న వాడికి అరవీశ మిరపకాయలు కట్టిచ్చి పంపాడు. ఆ ఏడు నైజాం ఏలుబడిలో రజాకార్ల గొడవ మొదలై, గరికపాడు దగ్గర సరిహద్దు దాటి మూటాముల్లెతో జనం పేటలోకి దిగారు. నాన్న వాళ్ళలోనూ ఎవరికన్నా విమానాల సంగతి తెలుసేమోనని అడిగాడు. నేను రాసిపెట్టిన ఇంగ్లీషు ఉత్తరాలు ఎర్రటి ముద్రలతో తిరిగొచ్చేవి. అన్నయ్య శిక్షణ పొందిన చోటు కాస్తా దేశం రెండైనప్పుడు అవతలి దేశంలోకి పోయిందట.

అలా ఉండగా మిరపకాయలు తెచ్చిన రైతొకాయన మాటల్లో మాటగా చెప్పాడు. నందిగామ దగ్గర తమ పల్లెలో క్రైస్తవుల బడి ఉందనీ, అక్కడి పంతులు యుద్ధంలో విమానాలు బాగుచేసే పని చేసొచ్చాడనీ. మర్నాడే బయలుదేరదామన్నాడు నాన్న. కాగితాలేమన్నా ఉంటే చదవాలిగా, నన్నూ రమ్మన్నాడు. ఆ సాయంత్రం వదిన నాకు జడ వేస్తూ వేస్తూ ఆగింది. "అమ్మాయ్, ఆ పంతులుకి తెలిసినా, తెలిసిందని నాతో చెప్పొద్దు. తెలీదట వదినా అని చెప్పు. ఒట్టు" అంది. నేను వెనక్కి తిరక్కుండానే సరేనన్నా. అప్పుడు నాకు పదహారు, ఆవిడకి ఇరవై. తర్వాత జడ ఎంత గట్టిగా బిగించిందంటే రాత్రంతా తల నొప్పెట్టింది.

బొగ్గు బస్సులో పోయాం. నందిగామలో దిగేసరికి నాన్న తెల్ల పంచె బూడిద రంగుకి తిరిగింది, నా మొహం సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కణ్ణించి పల్లెకి నడక. బడి ముందు వసారాలో పంతులు పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాడు. నాన్నని చూడగానే ఎక్కం మధ్యలో ఆగిపోయి, లేచి నిలబడి, చేతులు కట్టుకున్నాడు. మేం ఎవరమో ఇంకా చెప్పనే లేదు. "మీరొస్తారని తెలుసు శెట్టిగారూ. ఎప్పుడో రావాల్సింది నేనే" అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకి పంపేసి మాకు బల్ల వేశాడు. ఆయన భార్య ఒక అరటి అత్తం తెచ్చి నాన్న పక్కన పెట్టి దూరంగా నిలబడింది. తొక్క తీసుకుని తినే పండుకి మైల లేదని ఆ కాలం లెక్క. పాపం ఆవిడకి ఆ లెక్క తెలుసు.

ఆయన చెప్పిందంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. తనది నందిగామ అని తెలిసి అన్నయ్యే ముందు పలకరించాడట. రోజూ సాయంత్రం విమానాల కొట్టం వెనక కూర్చుని, మీ కారం గొప్పా మా కారం గొప్పా అని పోట్లాడుకునేవాళ్ళట. విమానం రాకపోతే వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో ఈయనా ఉన్నాడు. ఎనిమిదో రోజున ఇసకదిబ్బల మధ్య దొరికింది, ఆ కబురు ఏ ఆఫీసులో ఆగిపోయిందో మా దాకా రాలేదు. ఇద్దరూ అందులోనే ఉన్నారు. మోసుకొచ్చే స్థితి కాదు. నేర్పించే దొరని అక్కడే పూడ్చి, అన్నయ్య దగ్గరికొచ్చి, ఇతని మనుషులెవరన్నా ఉన్నారా అని ఆఫీసరు అడిగాడట. "నేనే ముందుకెళ్ళానండి. మా ఊరివాడేనన్నా. కట్టెలెక్కడివండి ఆ ఇసకలో? విమానం రెక్కలు చెక్కవేనండి, విరిగిపోయినవి పేర్చాం. నేనే నిప్పు పెట్టా. మీ మంత్రాలు నాకు రావు. నాకు వచ్చింది మా కీర్తనేనండి, అదే పాడా. తప్పయితే మన్నించండి" అన్నాడు. నాన్న, "తెలుగులోనేగా పాడింది?" అన్నాడు. "తెలుగులోనేనండి." నాన్న తలాడించాడు. మళ్ళీ అడిగాడు, "నిప్పు పెట్టాక వెనక్కి తిరిగి చూడకూడదు. తిరక్కుండా వచ్చేశావా?" పంతులు మొహం పాలిపోయింది. "ఆ సంగతి నాకు తెలీదండి. తిరిగి చూసా. లారీ ఎక్కేదాకా చూస్తూనే ఉన్నా." "మంచి పని చేశావు నాయనా. ఒక్కణ్ణే వదిలేసి పోతే వాడికి చిన్నప్పట్నించీ భయం" అన్నాడు నాన్న.

మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమని నాన్న అడగలేదు, నేనడిగా. కోపంగానే అడిగా. వచ్చాట్టండి. ఒకసారి కాదు, రెండుసార్లు పేట వచ్చాడట, చెప్పేద్దామనే. ఖాకీ చొక్కా చూసి నాన్నే పిలిచి కూలేశాడట. "లోపల్నించి ఒకమ్మ కాఫీ గ్లాసు అందించారండి. చేతి నిండా గాజులు. ఆ చప్పుడు విన్నాక నోరు పెగల్లేదు. నాకేం తెలీదండి అని కాఫీ తాగి వచ్చేశా. పైగా మా బోటివాడు కొరివి పెట్టాడంటే మీరేమంటారో" అన్నాడు. నాన్న పక్కనున్న అరటిపండు తియ్యలేదు. "మంచినీళ్ళు ఇప్పించమ్మా" అని ఆయన భార్యని అడిగాడు. పై ఊరు వెళ్తే మా సొంత చుట్టాల ఇళ్ళల్లో కూడా నీళ్ళు తాగని మనిషి, ఆ చెంబెడు నీళ్ళూ తాగి, లేచాడు.

తిరుగు బస్సెక్కాం. పేట ఇంకా రాకముందే నాన్న బస్సు దిగిపోయి, ఎదురొచ్చిన ఎడ్లబండి మాట్లాడి, వేదాద్రి పోనిమ్మన్నాడు. కృష్ణలో కట్టుబట్టలతో మూడు మునకలు మునిగి, ఒడ్డున కూర్చుని, నువ్వుల్లేవు, దర్భల్లేవు, ఉత్త నీళ్ళే దోసిట్లో పట్టి వదిలాడు. కొడుకుకి తండ్రి నీళ్ళు వదలడం నేను చూడాల్సొచ్చింది. ఏడ్చా. ఆయన ఏడవలేదు. బట్టలు ఒంటి మీదే ఆరేదాకా మెట్ల మీద కూర్చుని, "ఇంట్లో ఏం చెబుదామే?" అని నన్నడిగాడు, పెద్దదాన్ని అడిగినట్టు. వదిన నాతో వేయించుకున్న ఒట్టు చెప్పా. విని, "పిచ్చిపిల్ల" అన్నాడు. "సరే, తెలీదనే అందాం. మీ అమ్మకి సమయం చూసి నేనే చెప్తా."

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం. అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఆయనకీ తెలీదట" అని ఒక్క ముక్క అనేసి నాన్న కొట్టులోకి పోయాడు. వదిన పెరట్లో కందిపప్పు కడుగుతోంది. చెయ్యి ఆపి నన్ను చూసింది. "తెలీదట, వదినా" అన్నా. "తెలీదా?" అంది. "తెలీదు" అన్నా, కళ్ళలోకి సూటిగా చూసి, మాట నిలబెట్టుకుంటున్నానన్న గర్వంతో. వదిన తడిచేతుల్తోనే నన్ను వాటేసుకుంది. పాదులో మల్లెలన్నీ కోసుకొచ్చి, మాల కట్టి, సగం నా జడలో తురిమింది, సగం తను పెట్టుకుంది. అబ్బ, ఎంత గుండెనిబ్బరం, అన్నీ అర్థమై కూడా అత్తగారి ముందు ఎలా నడుపుకొస్తోంది అనుకున్నా. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఉందని నా లెక్క. అట్లతద్దికి మొగుడి ఆయుష్షు కోసం ఉపవాసం ఉండి ఆవిడ అట్లు పోస్తుంటే, నేను పక్కన కూర్చుని, ఎంత బాగా నటిస్తున్నావే తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. మధ్య మధ్య అర్థమయ్యేటట్టు నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేది.

నాన్నకి ఆ సమయం ఎప్పుడూ దొరకలేదు. పంతులు చెప్పిన రోజుని పంచాంగంలో తిథికి కట్టుకుని, ఏటా ఆ తిథికి స్వామి దర్శనమని చెప్పి ఒక్కడే వేదాద్రి పోయి వచ్చేవాడు. అలా రెండేళ్ళు పోయొచ్చి, మూడో ఏడు విషజ్వరంతో పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని అమ్మ వైపు చూశాడు. నాకు అర్థమయింది, అర్థం కానట్టు ఉండిపోయా. అమ్మకి చెప్తే మర్నాడే పురోహితుణ్ణి పిలిపిస్తుంది, పదో రోజున వదినని తీసుకెళ్ళి మేనత్త పక్కన కూర్చోబెడతారు. అప్పటికి నాకూ పెళ్ళయి నందిగామ కాపరానికి వచ్చేశా. పంతులుగారు ఎప్పుడన్నా బజార్లో ఎదురైతే ఇద్దరం తలొంచుకుని తప్పుకునేవాళ్ళం.

పన్నెండేళ్ళు నిండాయి. చుట్టాలు ఊరుకోలేదు, పురోహితుడూ ఊరుకోలేదు, అమ్మ ఓపిక కూడా అయిపోయింది. సరే కానివ్వండి అంది. నేను పిల్లల్ని వేసుకుని పుట్టింటికి వెళ్ళేసరికి, గంపెడు మోదుగాకులు వచ్చి ఉన్నాయి. మా పెదనాన్న కొడుకు కర్తగా కూర్చున్నాడు. మూడువందల అరవై ఆకులు లెక్కపెట్టి, ఎముకలకింతా కండకింతా అని పేర్చి, దారంతో కట్టి, పైన కొబ్బరికాయ పెట్టారు. వదిన వంటింటి గుమ్మంలో గోడకానుకుని నిలబడి ఉంది. అమ్మ దగ్గరికొచ్చి ఆ కొబ్బరికాయ మీద చెయ్యేసి, చంటిపిల్లాడి తల నిమిరినట్టు నిమురుతూ, "నీకు ముందే నిప్పు పడి ఉంటే నన్ను క్షమించు నాన్నా. నాకెవరూ చెప్పలేదురా" అంది.

ఇక నావల్ల కాలేదు. "పడిందమ్మా. అన్నయ్యకి నిప్పు పడింది" అనేశా. అక్కడే, అందరి ముందే, పంతులు సంగతి, రెక్కల చెక్కల సంగతి, కీర్తన సంగతి, వెనక్కి తిరిగి చూసిన సంగతి మొత్తం చెప్పేశా. అమ్మ నా చెంప మీద ఒక్కటి కొట్టింది. "ఎనిమిదేళ్ళే! ఎనిమిదేళ్ళు నా కంచం ముందు కూర్చుని తిన్నావు కదే!" అంది. వెంటనే నన్ను పట్టుకుని, "నిప్పు పడిందట, నా తండ్రికి నిప్పు పడిందట" అని నవ్వుతూ ఏడ్చింది. పురోహితుడు మంత్రం లేని దహనం దహనం కాదని ఏదో అనబోతే, "మీరు ఆకులు తీసేయండి బాబూ" అంది. ఆకుల బొమ్మ విప్పేశారు. ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్ళూ మొదటి ముద్ద మామూలుగా తింది.

నేను వదిన వైపు చూసా. ఇక దాచక్కర్లేదు వదినా, మనిద్దరి బరువూ దిగిపోయింది, అన్నట్టు చూసా. ఆవిడ మొహం చూసి నా ఒళ్ళు చల్లబడిపోయింది. గోడ పట్టుకుని నా దగ్గరికి నడిచొచ్చింది. "నీకు నిజంగా తెలుసా? ఆ రోజే తెలుసా?" అంది.

"అదేంటి వదినా, తెలిసినా తెలీదని చెప్పమంది నువ్వేగా!"

"నేనే చెప్పమన్నా" అంది మెల్లిగా. "కానీ నువ్వొచ్చి తెలీదన్నావు చూడు, నమ్మేశానే అమ్మాయ్. నీ మొహంలో అబద్ధం కనపడలా. ఎవరికీ తెలీదంటే ఎక్కడో ఉన్నాడనేగా అనుకున్నా. ఇన్నాళ్ళూ వస్తాడనే ఉన్నా."

అని, నూతి దగ్గరికి వెళ్ళి, చేదతో నీళ్ళు తనే తోడుకుని, మొహం కడుక్కుని వచ్చింది. ఎవరూ ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు, అమ్మ వెయ్యనివ్వలేదు. గాజులు కూడా తనే ఒక్కొక్కటీ తీసి గూట్లో పెట్టింది. తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. నన్ను ఒక్కనాడూ ఒక్క మాటనలేదు, నా కూతుళ్ళకి జడలు వేసింది, పురుళ్ళు పోసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఎనిమిదేళ్ళు ఆవిడకి నేనిచ్చానా, ఆవిడ దగ్గర్నించి నేను లాక్కున్నానా అని అప్పట్నించీ లెక్కేసుకుంటూనే ఉన్నా. ఇంత ఆయుష్షు వచ్చింది, అది మాత్రం తేలలేదు.